చుక్క జరిగింది, డబ్బా జరగలేదు

పోస్ట్‌మాన్ బాబాయ్ సగం గడ్డంతో కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఒక చెంప నున్నగా ఉంది. రెండో చెంప నిండా నురగే.

"ఇక నా వల్ల కాదన్నా, ఊపిరాడటం లేదు" అన్నాడు ముక్కు మూసుకుని.

చిటికె వాళ్ళ నాన్న చేతిలో కత్తి గాల్లోనే ఆగిపోయింది. ఇంకాస్త ఓపిక పడితే అయిపోతుందని బతిమాలాడు. బాబాయ్ వింటేనా? తువ్వాలుతో నురగ తుడుచుకుని, మిగతా సగం ఇంటికెళ్ళి గీసుకుంటానని చెప్పి, సైకిలెక్కి వెళ్ళిపోయాడు. సగం గడ్డంతో సైకిల్ తొక్కే పోస్ట్‌మాన్‌ని ఆ వీధి ఆ రోజే చూసింది.

తప్పు నాన్నది కాదు. సెలూన్‌కి ఎదురుగా ఉన్న చెత్తడబ్బాది. అది చిటికె కన్నా ఎత్తుగా ఉంటుంది. ఎండ ఎక్కేకొద్దీ దాని కంపూ ఎక్కుతుంది. గాలి ఇటు తిరిగిందా, అద్దాల ముందు కూర్చున్నవాళ్ళ మొహాలు చూడాలి.

వాడని తువ్వాలొకటి నాన్న మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచాడు. ఖాళీ కుర్చీని అటూ ఇటూ తిప్పాడు. ఆదివారం మధ్యాహ్నం కుర్చీ ఖాళీగా ఉండటం చిటికె ఎప్పుడూ చూడలేదు. దానికి ఏడుపొచ్చినంత పనైంది.

చిటికె అంటే దాని అసలు పేరు కాదు. అసలు పేరు బడి రిజిస్టర్‌లో హాయిగా నిద్రపోతూ ఉంటుంది. ఏ పని చెప్పినా "చిటికెలో చేసేస్తా" అంటుంది కాబట్టి అందరూ అలాగే పిలుస్తారు. నిజంగానే సగం పని చిటికెలో అయిపోతుంది. మిగతా సగం వాళ్ళ నాయనమ్మ సర్దుకుంటుంది.

ఆ సాయంత్రం చిటికెకి ఒక ఆలోచన వచ్చింది. అది తెలియాలంటే ముందు పటం సంగతి చెప్పాలి.

చిటికె వాళ్ళ క్లాసు పిల్లలు సోషల్ టీచర్‌తో కలిసి ఊరి పటానికి పని చేస్తున్నారు. గోడకి తగిలించే పటం కాదు, కంప్యూటర్‌లో ఉండే పటం. అది ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఎవరైనా తెరిచి చూడొచ్చు, తమకి తెలిసిన సంగతి చేర్చొచ్చు, తప్పు కనిపిస్తే దిద్దొచ్చు. పిల్లలు వీధి వీధీ తిరిగి, ఎక్కడెక్కడ చెత్తడబ్బాలున్నాయో చూసి, పటం మీద ఒక్కో డబ్బాకీ ఒక్కో ఆకుపచ్చ చుక్క పెట్టారు.

ఆ చుక్కలు చూసి మున్సిపాలిటీ ఇంజినీరమ్మ ముచ్చటపడింది. వాళ్ళకి కొత్త చెత్తబండి వచ్చింది. కొత్త డ్రైవర్ వచ్చాడు. సోమవారం నుంచి ఆ బండి పిల్లల పటాన్ని బట్టే తిరుగుతుందని, బాగా నడిస్తే ఊరంతటికీ ఇలాంటి పటమే చేయిద్దామని చెప్పింది. క్లాసంతా ఎగిరి గంతేసింది. టీచర్ కూడా గంతేసిందని కొందరంటారు, ఆవిడ ఒప్పుకోదు.

చిటికె వీధిని కొలిచింది దాని క్లాసు పిల్లాడే, కొలబద్ద. వాడిదీ అసలు పేరు కాదు. జేబులో టేపు లేకుండా గడప దాటడు. అడుగుకి కాస్త అటూ ఇటూ అయినా వాడికి ఆ రాత్రి నిద్ర పట్టదు. వాడు కొలుస్తుంటే టేపు రెండో చివర పట్టుకున్నది చిటికె.

ఇప్పుడు దాని ఆలోచన వినండి.

బడిలో టీచర్ అప్పుడప్పుడు ఎవరెక్కడ కూర్చోవాలో ఒక కాగితం మీద గీసి గోడకి అంటిస్తుంది. మర్నాడు పిల్లలంతా ఆ కాగితం చూసుకుని, నోరెత్తకుండా తమ తమ కొత్త చోట్లకి జరిగిపోతారు. ముందు పటం మారుతుంది, తర్వాత మనుషులు మారతారు. మరి ఊరి పటంలో చుక్క జరిపితే? మున్సిపాలిటీ వాళ్ళు చూసుకుని, డబ్బాని తెచ్చి చుక్క ఉన్నచోట పెట్టుకోరూ? పిల్లలే జరుగుతుంటే పెద్దవాళ్ళు జరపలేరా?

అమ్మ వంటింట్లో ఉంది. అమ్మ ఫోన్ మంచం మీద ఉంది. చిటికె పటం తెరిచింది. సెలూన్ ఎదురుగా ఉన్న ఆకుపచ్చ చుక్క మీద వేలు పెట్టి, మెల్లగా లాగింది. చుక్క వీధి మలుపు దాటింది. పెద్ద రోడ్డు మీదికి వచ్చింది. ఆటస్థలం ప్రహరీ గోడ పక్కన ఆగింది. అక్కడ ఎవరి దుకాణమూ లేదు, ఎవరి ముక్కూ లేదు.

చిటికె సేవ్ నొక్కింది. ఆ రాత్రి దానికి భలే నిద్ర పట్టింది.

సోమవారం పొద్దున్నే గుమ్మంలో నిలబడింది. కొత్త బండి పెద్ద రోడ్డు మీద హారన్ కొట్టుకుంటూ వచ్చింది. ప్రహరీ గోడ దగ్గర కాసేపు ఆగింది. ఇప్పుడు డబ్బా కోసం వీధిలోకి వస్తారు, ఎత్తుకుపోయి అక్కడ పెడతారు అనుకుంది చిటికె. బండి కదిలింది. వీధి వైపు తిరగనైనా తిరగకుండా తిన్నగా వెళ్ళిపోయింది.

మొదటిరోజు కదా, రేపు తెస్తారులే అనుకుంది. మర్నాడూ అంతే. డబ్బా నిండింది. ఆ తర్వాత పొంగింది. జనం సంచులు తెచ్చి డబ్బా పక్కన పెట్టడం మొదలుపెట్టారు. పిల్లులు వాటిని విప్పి చూడటం మొదలుపెట్టాయి. నాన్న జుట్టు ఊడ్చే చీపురుతోనే రోజుకి ఇన్నిసార్లని లేకుండా వీధి ఊడ్చాడు. కంపు ఒకప్పుడు గాలి తిరిగితేనే వచ్చేది. ఇప్పుడు దానికి గాలితో పని లేదు.

బుధవారం నాయనమ్మ కొంగు బిగించి పెద్ద రోడ్డు మీదికి వెళ్ళి బండికి అడ్డంగా నిలబడింది. మా వీధి చెత్త ఎవరు తీస్తారని నిలదీసింది. డ్రైవర్ మంచివాడే పాపం. ఆ వీధిలో డబ్బా లేదని ఫోన్ చెబుతోంది పెద్దమ్మా, ఉన్నదని చెబుతున్న ఈ గోడ దగ్గరేమో డబ్బా లేదు, నాకూ తికమకగానే ఉంది అన్నాడు. ఇంత పెద్ద బండి సందులోకి వెళ్తే వెనక్కి తిప్పుకుని మిగతా వీధులకి చేరేసరికి పొద్దు పోతుందని, ఆఫీసులో చెబుతానని మాటిచ్చాడు.

"ఫోన్‌కి ముక్కు లేదు కాబట్టి సరిపోయింది" అంది నాయనమ్మ.

గురువారం మధ్యాహ్నం నాన్న సెలూన్ తలుపు వేసేశాడు. ఎవరూ రానప్పుడు ఫ్యాన్ తిప్పి ఏం లాభం అన్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదేనని అమ్మతో అంటుంటే చిటికె విన్నది. ఆ రోకలి ఎవరి చేతిలో ఉందో నాన్నకి తెలియదు. చిటికెకి తెలుసు.

పోనీ, ఎవరికీ తెలియకుండా చుక్కని మళ్ళీ వెనక్కి లాగేస్తే? లాగొచ్చు. వేలితో చేసే పనే. కానీ లాగితే డబ్బా సెలూన్ ఎదురుగానే ఉండిపోతుంది, ఎప్పటికీ. పోస్ట్‌మాన్ బాబాయ్ ఇక రాడు. ఇంకొక్క రోజు చూద్దాం, రేపు కచ్చితంగా డబ్బా తీస్తారు అని మనసుకి సర్దిచెప్పుకుంది.

శుక్రవారం బడికి వెళ్ళగానే టీచర్ అందరినీ కూర్చోబెట్టింది. ఇంజినీరమ్మ ఫోన్ చేసిందట. ఒక చుక్క దగ్గర డబ్బా లేదట. ఒక్క చుక్క తప్పయితే మిగతావాటిని నమ్మేదెలా అని అడిగిందట. మధ్యాహ్నం వచ్చి చూస్తుందట, పటం పనికిరాదనుకుంటే సోమవారం నుంచి పాత పద్ధతేనట. టీచర్ ఇదంతా నెమ్మదిగానే చెప్పింది. చెప్పి, ఆ వీధి కొలిచింది ఎవరని అడిగింది.

కొలబద్ద లేచి నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"నేనే టీచర్. ఎక్కడో తప్పు కొలిచి ఉంటాను" అన్నాడు.

చిటికె తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. మధ్యాహ్నం బెల్లులో కొలబద్ద టిఫిన్ డబ్బా తెరవలేదు. టేపు బయటికి తీసి, దానిమీది అంకెలు సరిగ్గా ఉన్నాయో లేదో బల్ల మీద స్కేలు పెట్టి చూసుకుంటున్నాడు. తన మీద కాకపోతే టేపు మీదైనా తప్పు ఉంటుందేమోనని వాడి ఆశ. టేపులో తప్పు లేదు. దాన్ని చుట్టి జేబులో పెట్టుకుని, ఇక మీదట కొలిచే పని ఇంకెవరికైనా ఇమ్మని టీచర్‌తో చెబుతానన్నాడు.

అబద్ధం తన నోటితో చెప్పలేదని చిటికె ఇన్నాళ్ళూ తనకి తాను చెప్పుకుంటోంది. ఇప్పుడు ఆ మాట దానికే నచ్చలేదు.

ఇంజినీరమ్మ వచ్చింది. పెద్ద గొడుగు, దుమ్ము పట్టిన బూట్లు, మొహం మాత్రం చల్లగా ఉంది. అందరూ కలిసి ఆటస్థలం గోడ దగ్గరికి నడిచారు. ఫోన్‌లో చూస్తే వాళ్ళు సరిగ్గా ఆకుపచ్చ చుక్క మీదే నిలబడి ఉన్నారు. కళ్ళతో చూస్తే అక్కడ ఒక పిల్లి పడుకుని ఉంది. అంతమంది వచ్చేసరికి అది ఒక కన్ను తెరిచి, మళ్ళీ మూసుకుంది.

కొలబద్ద టేపు తీశాడు. మలుపు నుంచి మళ్ళీ కొలుస్తానన్నాడు.

"రెండో చివర పట్టుకో చిటికె" అన్నాడు.

చిటికె పట్టుకోలేదు.

"కొలవద్దు" అంది. "నువ్వు సరిగ్గానే కొలిచావు. చుక్కని ఇక్కడికి జరిపింది నేను."

చిటికె ఇంజినీరమ్మ బూట్ల వైపు చూస్తూ మొత్తం చెప్పేసింది. సగం గడ్డం సంగతి చెప్పింది. నాన్న తువ్వాలు మడతపెట్టిన సంగతి చెప్పింది. సీట్ల కాగితం సంగతి చెప్పింది. చుక్క జరిపితే డబ్బా కూడా జరుపుతారనుకున్నానని చెప్పింది.

ఇంజినీరమ్మ గొడుగు కాస్త వంచి మొహం దాచుకుంది. నవ్వొచ్చి ఉంటుంది. పిల్లలు పైకే నవ్వేశారు. నవ్వని వాడు కొలబద్ద ఒక్కడే.

"సీట్ల కాగితం వేరు, ఇది వేరు" అన్నాడు కోపంగా. "అది చూసి మనం కూర్చుంటాం. ఇది మనం చూసి గీశాం."

వాడు అన్నది నిజమే. తప్పైపోయిందని చిటికె వాడికి చెప్పింది. వాడు సరే అనలేదు, కానీ టేపు చుట్టుకుంటూ దాని పక్కకి వచ్చి నిలబడ్డాడు.

ఇంజినీరమ్మ గొడుగు ఎత్తింది. కొలత తప్పయితే పటం మొత్తాన్ని అనుమానించాల్సి వచ్చేదని, తప్పెక్కడో తెలిసింది కాబట్టి ఇప్పుడు ఆ అవసరం లేదని టీచర్‌తో అంది. తర్వాత చిటికె వైపు తిరిగింది. జరిపిన చెయ్యే వెనక్కి పెట్టాలి, పెట్టేముందు డబ్బా దగ్గరికి వెళ్ళి నిలబడాలి అంది. రేపు బండి వచ్చి చెత్త తీసుకెళ్తే పటం ఉంటుందని కూడా చెప్పింది.

క్లాసంతా వీధిలోకి నడిచింది. సెలూన్ తలుపు మూసే ఉంది. పిల్లలు ముక్కులు మూసుకున్నారు. చిటికె మాత్రం మూసుకోలేదు, తనకి ఆ హక్కు లేదనిపించింది. టీచర్ దగ్గర ఫోన్ తీసుకుని డబ్బా పక్కన నిలబడింది. పుట్టినప్పటి నుంచి రోజూ చూస్తున్న డబ్బాయే. కానీ దాన్ని తిట్టుకోవడమే తప్ప సరిగ్గా చూసింది ఎప్పుడు?

ఇప్పుడు చూసింది. వెనక వైపు, గోడకీ డబ్బాకీ మధ్య, విరిగిన మూత ముక్క ఒకటి వేలాడుతోంది.

"దీనికి మూత ఉండేదా?" అని అడిగింది.

ఉండేదట. నాయనమ్మ గుమ్మంలోంచే చెప్పింది. మూత ఉన్నన్నాళ్ళూ ముక్కు మూసుకున్నవాడు లేడంది. ఎప్పుడో విరిగిపోయింది. ఎవరో ఒకరు ఆఫీసులో చెప్పే ఉంటారని అందరూ అనుకున్నారు. అందరూ అనుకున్నారు కాబట్టి ఎవరూ చెప్పలేదు.

ఇంజినీరమ్మ నెత్తి కొట్టుకుంది. గోడౌన్‌లో కొత్త మూతలు దొంతర్లుగా పడి ఉన్నాయట. ఏ డబ్బాకి మూత లేదో తెలియక అక్కడే దుమ్ము పట్టిపోతున్నాయట.

చిటికె టీచర్ వైపు చూసింది. ఈ సంగతి కూడా పటంలో పెట్టొచ్చా అని అడిగింది. వెళ్ళి కళ్ళతో చూసింది ఏదైనా పెట్టొచ్చంది టీచర్. చిటికె చుక్కని మెల్లగా లాగి, నాన్న దుకాణం ఎదురుగా, డబ్బా ఉన్నచోటనే పెట్టింది. మనసు చివుక్కుమంది. అయినా పెట్టింది. దాని పక్కన 'మూత లేదు' అని రాసింది.

సాయంత్రం నాన్నకి తనే చెప్పింది. నాన్న చాలాసేపు తల దువ్వుకున్నాడు. తల మీద ఉన్నదే నాలుగు వెంట్రుకలు.

"డబ్బాతో పాటు నా కుర్చీని కూడా ఆటస్థలంలోకి లాగకపోయావా తల్లీ, చెట్టు నీడన గడ్డాలు గీసేవాణ్ణి" అన్నాడు చివరికి.

చిటికె నవ్వుతూనే ఏడ్చేసింది. నాన్న దాని తల మీద చెయ్యి వేసి, నాకోసమే చేశావని తెలుసు, కానీ మీ కొలబద్ద రేపు అన్నం తినేలా చూడు అన్నాడు.

శనివారం పొద్దున్న చెత్తబండి హారన్ కొట్టుకుంటూ వీధిలోకి మళ్ళింది. డబ్బా ఖాళీ అయింది. నాయనమ్మ డ్రైవర్‌కి చెంబుడు మంచినీళ్ళిచ్చి, ఫోన్‌కి ఎట్టకేలకి ముక్కు మొలిచిందా అని అడిగింది.

ఆ తర్వాత చిటికె, కొలబద్ద, క్లాసు పిల్లలు మళ్ళీ వీధులన్నీ తిరిగారు. ఈసారి మూతల కోసం. కొలబద్ద మూడు అడుగుల దూరంలో ఉండి మాట్లాడటం మొదలుపెట్టాడు కానీ, రెండో వీధి దాటేసరికి టేపు రెండో చివర మళ్ళీ చిటికె చేతిలోనే ఉంది. మూతలేని డబ్బాల చుక్కలు పటంలో ఎర్రగా కనిపించాయి. ఎర్రచుక్కల దగ్గరికల్లా గోడౌన్ నుంచి మూతలు బయల్దేరాయి. సెలూన్ ఎదురుగా ఉన్న డబ్బాకీ ఒక నల్లటి మూత వచ్చింది. నాన్న ఒకటికి రెండుసార్లు దాన్ని ఎత్తి, వేసి చూశాడు.

ఇంకో ఆదివారం మధ్యాహ్నం. సెలూన్‌లో బెంచీ మీద కూడా చోటు లేదు. కుర్చీలో పోస్ట్‌మాన్ బాబాయ్ కూర్చున్నాడు, మొహం నిండా నురగతో. నాన్న అప్పటికే ఒక చెంప గీసేశాడు. చిటికె తువ్వాళ్ళు మడుస్తోంది.

బాబాయ్ అద్దంలోంచి దాన్ని చూసి కన్ను గీటాడు. ఆ పటం మీవాళ్ళదేనటగా అన్నాడు. తమ వీధిలో డబ్బా సరిగ్గా తమ కిటికీ కింద ఉందట. ఎవరూ లేని వైపుకి ఆ చుక్కని కాస్త జరిపిపెట్టమన్నాడు.

"నీకు చిటికెలో పనే కదా" అన్నాడు.

నాన్న కత్తి ఆగింది. బెంచీ మీద కూర్చున్నవాళ్ళు కూడా చిటికె వైపే చూశారు.

చిటికె చేతిలో ఉన్న తువ్వాలు పూర్తిగా మడిచి, దొంతర మీద పెట్టింది. చెప్పులు వేసుకుంది. వీధిలోకి తల పెట్టి కొలబద్దని టేపు తీసుకుని రమ్మని కేకేసింది.

"ముందు ఆ రెండో చెంప పూర్తి చేయించుకో బాబాయ్" అంది. "తర్వాత మీ వీధికి వెళ్దాం. చూసొచ్చాక చెబుతాను."